చెమట పట్టిన గుర్రం మీద నీళ్లు పోయొచ్చు

మే నెలలో పెళ్లికి గుర్రం కావాలని ఫోనొస్తే నేను మొదట అడిగేది టైము. "సాయంత్రం ఆరుకండీ" అంటారు. ఆరుకు గుర్రం రావాలా, ఆరుకు ఊరేగింపు కదలాలా, లేక ఆరుకు పెళ్లికొడుకు స్నానానికి లేస్తాడా అని మళ్లీ అడుగుతాను. అవతలివాళ్లకు చిరాకు పుడుతుంది. బ్యాండువాడు ఇన్ని ప్రశ్నలు వెయ్యడు, డీజేవాడు అసలే వెయ్యడు, ఈ గుర్రంవాడికి ఏంటంత బడాయి అనుకుంటారు. కొందరు పైకే అనేస్తారు. అననివ్వండి.

మాది కావలి. షామియానా, కుర్చీలు, లైట్లు సప్లయి చేసే వ్యాపారం. దానికి తోడు ఒక గుర్రం ఉంది, పేరు మోతీ. ఒళ్లంతా తెలుపు, మూతి దగ్గర లేత గులాబీ రంగు చర్మం, గుర్రాల వ్యాపారులు నుక్రా అంటారే, ఆ రకం. మా తాత కావలి స్టేషన్ బయట జట్కా తోలేవాడు. ఆటోలొచ్చి జట్కాలు పోయాయి, గుర్రం పిచ్చి మాత్రం మా ఇంట్లో మిగిలింది. మోతీ మీద వచ్చే డబ్బులు దాని దాణాకీ మందులకీ సరిపోతే గొప్ప. మా ఆవిడ లెక్కల పుస్తకంలో దానికి వేరే పేజీ ఉంది, ఆ పేజీ నాకు చూపించదు.

తాత దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది. గుర్రం దగ్గరికి ఎటువైపు నుంచి పోవాలి, గిట్టలో రాయి ఇరుక్కుంటే ఎట్టా తియ్యాలి, ఉలవలు ఎంతసేపు నానాలి, ఎంత ఉడకాలి, అన్నీ ఆయన చెప్పినవే. వాటితో పాటే చెప్పిన ఇంకో మాట ఉంది: "చెమట్లో ఉన్న గుర్రానికి నీళ్లు పొయ్యమాక, నీళ్లు తాపమాక. చెమట ఆరినాకే ఏదన్నా." ఈ మాట మా తాతదే కాదు. ఒంగోలు నుంచి సూళ్లూరుపేట దాకా గుర్రం ఉన్న ఏ ఇంట్లో అడిగినా ఇదే చెబుతారు. వేడి మీదున్న గుర్రం మీద చన్నీళ్లు పడితే కండరాలు బిగుసుకుపోతాయని, జ్వరం లోపలికి పోతుందని, గుండె ఆగిపోతుందని నమ్మకం. ఈ వ్యాసం ఆ ఒక్క మాట మీద. ఆ మాట తప్పు. అది తప్పని నేను తెలుసుకున్న తీరు నాకు గర్వకారణం కాదు, అయినా రాస్తున్నాను.

మూడేళ్ల కిందట వైశాఖంలో ఒక పెళ్లి. ఊరి పేరు ఎందుకులెండి. అభిజిత్ లగ్నం, అంటే సరిగ్గా మిట్టమధ్యాహ్నం. విడిదింటి నుంచి కల్యాణ మండపం కిలోమీటరు కూడా లేదు. పదిన్నరకు కదిలితే పదకొండుకు దించేస్తామన్నారు. ఒప్పుకోవడం నా తప్పు. కదిలేసరికే పదకొండయింది. అడుగడుక్కీ డీజే ఆగడం, పెళ్లికొడుకు స్నేహితులు తారు రోడ్డు మీద డాన్సు, ఎవరో ఇంకా రాలేదని ఇంకో పది నిమిషాలు. మోతీ మీద మెడ నుంచి తోక దాకా జరీ పని చేసిన ఎర్ర మఖమల్ గుడ్డ. దాని మీద జీను, జీను మీద ఎనభై కిలోల పెళ్లికొడుకు. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు మైకులో మొత్తుకుంటే గానీ గుంపు కదల్లేదు.

పెళ్లికొడుకు దిగాక గుడ్డ తీసి చూశాను. డొక్కలు కొలిమి తిత్తిలా ఎగిరిపడుతున్నాయి. పదిహేను సెకన్లు లెక్కపెడితే ముప్ఫై ఊపిర్లు, అంటే నిమిషానికి నూటఇరవై. ఊరికే నిలబడిన గుర్రం నిమిషానికి ఎనిమిది నుంచి పదహారు సార్లు ఊపిరి పీలుస్తుంది. ముక్కుపుటాలు విచ్చుకుపోయి లోపల ఎర్రగా కనబడుతోంది. తొడల మధ్య నురగ ఎండి తెల్లగా ఉప్పు చారలు కట్టింది. నన్ను భయపెట్టింది మాత్రం అది కాదు. చెవి మీద ఈగ వాలితే మోతీ చెవి కదపలేదు. ఈగలంటే దానికి అంత మంట, చెవి, తోక, చర్మం అన్నీ ఆడిస్తుంది. ఆరోజు ఈగ చెవి మీద నుంచి కంటి కొస దాకా నడిచి వెళ్లినా పట్టించుకోలేదు.

వేపచెట్టు కింద కట్టేశాం. నాతో వచ్చే కుర్రాడు "మామా, పైపు లాగేదా?" అన్నాడు. "వద్దురా, వేడి మీదుంది, నీళ్లు పడితే బిగుసుకుపోద్ది" అన్నాను. తడి తువ్వాలుతో మొహం తుడిచి, చెమట ఆరడం కోసం చూస్తూ కూర్చున్నాను. ఇరవై నిమిషాలు! ఆ ఇరవై నిమిషాలూ నేను దాన్ని ప్రేమగానే చంపుతున్నానని తర్వాత తెలిసింది. వెనక కాళ్లు తడబడడం మొదలయ్యాక నాకు తెలిసిన పశువుల డాక్టరుగారికి ఫోన్ చేశాను.

"నీళ్లు పోశావా?"

"లేద్ సార్, చెమట ఆరినాక..."

"ఆరేలోపల చచ్చిపోద్దయ్యా. పొయ్యి. ఉన్న నీళ్లన్నీ పొయ్యి. అన్నాల దగ్గర కూలింగ్ క్యాన్లు ఉంటాయి కదా, అవి కూడా పొయ్యి. నేనొచ్చేదాకా ఆపమాక."

క్యాటరింగ్‌వాడితో గొడవ పెట్టుకుని పదకొండు క్యాన్లు పోశాం, మధ్యలో పైపుతో కూడా. మెడ, వీపు, డొక్కలు, కాళ్ల లోపలి వైపు. డాక్టరుగారు వచ్చి థర్మామీటరు పెడితే అప్పటికీ 106 ఫారెన్‌హీట్ ఉంది. గుర్రానికి మామూలుగా ఉండాల్సింది 99 నుంచి 101 చిల్లర. ఇంకో ముప్పావుగంట పోశాక 102కు దిగింది. సెలైన్ ఎక్కించారు. సాయంత్రం మోతీ తొట్టిలో మూతి పెట్టి నీళ్లు పీల్చిన చప్పుడు వినేదాకా నేను పెళ్లి భోజనం ముట్టలేదు. నెలరోజులు పనికి పంపలేదు.

బిగుసుకుపోతుందన్న కండరాలు బిగుసుకుపోలేదు. ఆగిపోతుందన్న గుండె ఆగలేదు. తర్వాత డాక్టరుగారి దగ్గర కూర్చుని అడిగితే ఆయన చెప్పింది ఇది. ఈ భయం మన దేశంలోనే కాదు, బయటి దేశాల్లోనూ ఉండేది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు, ఆ ఉక్క ఎండలో గుర్రపు స్వారీ పోటీలు ఎట్టా పెట్టాలని వైద్యులు పరీక్షలు చేశారు. వేడెక్కిన గుర్రాల మీద ఐసు కలిపిన నీళ్లు పోసి చూశారు. తొందరగా చల్లబడ్డాయి, ఏ హానీ జరగలేదు. ఇప్పుడు ఎండలో జరిగే పెద్ద పోటీల్లో ముగింపు గీత దాటగానే చన్నీళ్ల తొట్లు సిద్ధంగా ఉంటాయి. ముప్ఫై ఏళ్ల కిందట తేలిపోయిన సంగతి కావలికి రావడానికి నా గుర్రం చావు అంచుదాకా పోవాల్సి వచ్చింది.

గుర్రం అసలు ఎందుకంత వేడెక్కుతుందో అర్థమైతే నీళ్ల భయం దానంతటదే పోతుంది. కండరం పని చేసినప్పుడు ఖర్చయ్యే శక్తిలో నాలుగో వంతు మాత్రమే నడకకు పోతుంది, మిగతాదంతా వేడి. బరువులో గుర్రం మనిషికి ఐదారు రెట్లు ఉంటుంది, కానీ ఆ వేడిని బయటికి పంపాల్సిన చర్మం మూడు రెట్లు కూడా ఉండదు. పెద్ద అండాలో అన్నం తొందరగా చల్లారదు చూడండి, అట్లా. అందుకే దేవుడు దానికి చెమట ఇచ్చాడు. మండే ఎండలో గట్టిగా పరిగెత్తే గుర్రం గంటకు పది పదిహేను లీటర్ల చెమట కారుస్తుంది. ఆ చెమటలో సబ్బులాంటి ఒక ప్రోటీను ఉంటుంది, దానివల్లే నురగ. వెంట్రుకల మీద నీరు జారిపోకుండా పరుచుకుని ఆరడానికి అది పనికొస్తుంది. చెమట ఆరితేనే చల్లదనం. కారిపోయిన చెమట వల్ల లాభం లేదు, నష్టమే.

గాలి సంగతి వచ్చేది ఇక్కడే. మన జిల్లాల్లో వేసవికి రెండు గాలులు. పొద్దున్నుంచి పడమటి గాలి, వెలికొండల వైపు నుంచి పొయ్యిలోంచి వచ్చినట్టు పొడిగా కొడుతుంది. మధ్యాహ్నం దాటాక, ఒక్కోరోజు సాయంత్రానికి, సముద్రం నుంచి తూర్పు గాలి. తూర్పు గాలి తిరగ్గానే మనకు ప్రాణం లేచొస్తుంది, "ఇంక గుర్రాన్ని తీసుకురావొచ్చు" అని ఫోన్ చేస్తారు. నలభై రెండు డిగ్రీలు ముప్ఫై ఆరుకు దిగిన మాట నిజమే. కానీ ఆ గాలి నిండా తడి. చొక్కా ఒంటికి అంటుకుని ఆరదు కదా, గుర్రం చెమటా అంతే, ఆరకుండా బొట్లు బొట్లుగా రోడ్డు మీద రాలిపోతుంది. పడమటి గాలిలో గంట నడిచిన మోతీ కంటే, ఉక్కపోతలో గంట నడిచిన మోతీకే డొక్కలు ఎక్కువసేపు ఎగురుతాయి. నేను లెక్కపెట్టి మరీ చూశాను. కాబట్టి సాయంత్రం ఊరేగింపు అయితే పర్లేదన్న ధీమా సముద్రానికి పది కిలోమీటర్లలో ఉన్న మనకు పనికిరాదు. అటువంటి గాలిలో చెమట చెయ్యలేని పని నీళ్లు చెయ్యాలి. ఒంటి మీద పోసిన చల్లటి నీళ్లు ఆరనక్కర్లేదు, వేడిని పట్టుకుని కిందికి కారిపోతాయి. వేడెక్కిన నీళ్లు పోయి చల్లటివి వస్తూ ఉండాలి, అంతే. తడి గోనెపట్టా కప్పి వదిలేసేవాళ్లున్నారు. పది నిమిషాల్లో ఆ గోనెపట్టా వేడెక్కి ఆవిరి దుప్పటి అవుతుంది. దానికంటే ఊరికే వదిలెయ్యడం నయం.

తాత జట్కా గుర్రం గురించి మా ఇంట్లో ఒక గొప్ప కథ ఉంది. ఎంత ఎండలో తోలినా దానికి చెమట పట్టేది కాదట. "ఉక్కు గుర్రంరా అది" అనేవాడు తాత. ఆ కథ డాక్టరుగారికి గర్వంగా చెబితే ఆయన తల అడ్డంగా ఊపారు. ఉక్క ఎక్కువగా ఉండే చోట కొన్ని గుర్రాలకు చెమట గ్రంథులు అలిసిపోయి పని మానేస్తాయట, అది జబ్బు. చర్మం పొడిగా ఉంటుంది, గుర్రం ఊరికే రొప్పుతూ ఉంటుంది. "రొప్పేదా?" అని అడిగారు. రొప్పేది. రోహిణి కార్తెలో స్టేషన్ ముందు రొప్పుతూ నిలబడేదని నాయనమ్మ చెప్పగా విన్నాను. దాన్ని ఎవరూ చెమట పట్టకపోవడంతో కలిపి చూడలేదు.

తాగే నీళ్ల విషయంలోనూ అంతే. వేడి మీద తాపితే శూల, అంటే కడుపునొప్పి, వస్తుందని దూరం పెడతాం. నీళ్లు చాలక పేగుల్లో మేత గట్టిపడి వచ్చే శూల దానికంటే నిజమైన ప్రమాదం. పాపం, గుర్రానికి వాంతి చేసుకోవడం కూడా చేతకాదు. ఇందులో ఇంకో చిక్కు ఉంది. మన చెమటలో ఉప్పు రక్తంలో కంటే పలచన, కాబట్టి చెమట పట్టిన కొద్దీ రక్తం చిక్కబడి దాహం వేస్తుంది. గుర్రం చెమటలో ఉప్పు రక్తంలో ఉన్నంత, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నీళ్లూ ఉప్పూ కలిసి పోవడంతో రక్తం పెద్దగా చిక్కబడదు, మెదడుకు దాహం కబురు అందదు. ఒంట్లో ఇరవై లీటర్లు తక్కువైనా కొన్ని గుర్రాలు బకెట్టు వైపు చూడవు. "తాగదలుచుకుంటే అదే తాగుతుంది" అనే మాట అప్పుడు చెల్లదు. ఉప్పు పెడితే దాహం వస్తుంది. తాత ఉలవ గుగ్గిళ్లలో గుప్పెడు రాళ్ల ఉప్పు వేసేవాడు, ఇస్కపల్లి ఉప్పు. ఎందుకని అడిగితే "రుచికి" అనేవాడు. ఆయనకు కారణం తెలియకపోయినా చేసిన పని సరైనదే, నీళ్ల దగ్గరేమో కారణం చెప్పి మరీ తప్పు చేశాడు. నేను మోతీకి మామూలు రోజుల్లో రెండు పెద్ద చెంచాల ఉప్పు వేస్తాను, చెమట పట్టిన రోజు రెట్టింపు. పక్కన మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి, లేకపోతే ఉప్పు విషమే.

మనం పశువుల మనుషులం, గుర్రాల మనుషులం కాదు. ఈ సంగతి ఒప్పుకుంటే సగం తప్పులు సర్దుకుంటాయి. ఒంగోలు గిత్త ఈ ఎండలోనే పుట్టి ఈ ఎండకే తయారైన జీవి. వదులుగా వేలాడే చర్మం, గంగడోలు, తెల్లటి పొట్టి వెంట్రుకలు. దాన్ని బ్రెజిల్ వాళ్లు పట్టుకెళ్లి మన నెల్లూరు పేరుతోనే నెలోర్ అని పెంచుకుంటున్నారు, ఎండకు తట్టుకుంటుందనే కదా. గిత్తను చూసిన కళ్లతో గుర్రాన్ని చూస్తాం. రెండూ తెలుపే, రెండూ నాలుగు కాళ్లే! గుర్రం ఈ తీరానికి చుట్టపుచూపుగా వచ్చింది. పదమూడో శతాబ్దంలో మార్కోపోలో మనకు దక్షిణాన ఉన్న పాండ్య రాజుల గురించి రాస్తూ, ఏటా రెండువేలకు పైగా గుర్రాలు ఓడల్లో తెప్పించుకుంటారని, ఏడాది తిరిగేసరికి వందైనా మిగలవని అన్నాడు. చూసుకోవడం తెలియక చస్తున్నాయని కూడా ఆయనే రాశాడు. మన మోటుపల్లి రేవు గురించీ రాశాడు కాబట్టి, మనల్ని వదిలేశాడని సంతోషించాల్సిందేమీ లేదు.

మోతీకి మొదట రేకుల షెడ్డు వేశాను. షామియానావాణ్ణి కదా, లోపల ఒక పరదా కూడా కట్టాను, నాలుగు వైపులా మూసి. మే నెలలో మధ్యాహ్నం లోపలికెళితే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఉండేది. ఇప్పుడు రేకుల మీద జానెడు మందాన వరిగడ్డి పరిచి తాటాకు కప్పాను, పరదాలు తీసేసి తూర్పూ పడమరా తెరిచాను. మధ్యాహ్నం పూట మోతీ ఆ షెడ్డులోకి కూడా పోదు, వేపచెట్టు కిందే నిలబడుతుంది. డబ్బులు తగలేసినవాణ్ణి నేనొక్కణ్ణే. పెద్ద స్టాండు ఫ్యాను ఉంది, కానీ గాలే నలభై రెండున్నప్పుడు పొడి ఒంటి మీద ఫ్యాను పెడితే వేడిని విసిరినట్టే. ముందు ఒళ్లు తడిపి తర్వాత ఫ్యాను. గులాబీ రంగు మూతికి జింక్ ఆక్సైడ్ క్రీము రాస్తాను, తెల్ల గుర్రాల మూతి ఎండకు మాడి తోలు ఊడుతుంది. ముక్కుకు తెల్లగా పూసుకుని నిలబడితే మా వీధి పిల్లలు క్రికెటర్ అంటారు. వారానికి రెండుసార్లు తెల్లారుజామున తుమ్మలపెంట తీసుకెళ్లి సముద్రంలో నడిపిస్తాను, ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడుగుతాను.

చట్టం లేదా అంటే ఉంది. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా జంతువులతో బండి లాగించకూడదు, బరువు మోయించకూడదు. రోజుకు తొమ్మిది గంటలు మించకూడదు, ఏకధాటిగా ఐదు గంటలు మించకూడదు. పెళ్లికొడుకు బరువు కిందికి వస్తాడా రాడా అన్నది లాయర్లు తేల్చుకోవాలి, మోతీకి మాత్రం బరువే. మన దగ్గర మే నెలలో ముప్ఫై ఏడు దాటని మధ్యాహ్నం అరుదు. అయినా ఆ రూలు చెప్పి గుర్రం ఆపిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

గుర్రాలే వద్దు, నిషేధించండి అనేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. మైపాడులోనూ కొత్తపట్నంలోనూ ఇసుకలో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే కుర్రాళ్లకు సంపాదన వేసవి సెలవుల్లోనే. వాళ్ల చేతిలో గుర్రం లేకపోతే ఆ గుర్రానికి మేత పెట్టేదెవరో నిషేధం అడిగేవాళ్లు చెప్పరు. నాలుగింటికి ఇసుకలో కాళ్లు కాలుతుంటే, మన పిల్లాడు ఏడుస్తున్నాడని ఇంకో రౌండు అడిగేది మనమే. ఎక్కే ముందు గుర్రం డొక్క ఒక్క నిమిషం చూడండి. మెడ మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదలండి, చటుక్కున సర్దుకోకుండా మడత నిలబడితే దానికి నీళ్లు చాల్లేదని. పై పెదవి ఎత్తి చిగురు నొక్కితే తెల్లబడిన చోట రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. కుర్రాడు చూడనివ్వకపోతే ఎక్కకండి. గుర్రం పడిపోతే 1962కు ఫోన్ చెయ్యండి, పశువుల అంబులెన్సు నంబరు. అది వచ్చేలోపు నీళ్లు పోస్తూ ఉండండి.

ఇప్పుడు నా షరతులు ఇవి: ఎండాకాలం సాయంత్రం ఏడు దాటాకే, ముప్పావుగంట మించి కాదు, మఖమల్ బదులు పలచటి నేత గుడ్డ, ఊరేగింపు వెంట ఆటోలో నాలుగు క్యాన్ల నీళ్లు, సగం దారిలో ఒకసారి దిగాలి. పోయిన వేసవిలో ఈ షరతులకు తొమ్మిది బేరాలు పోయాయి. మా ఆవిడ ఆ పేజీ అప్పుడు మాత్రం చూపించింది.

మొన్న ఏప్రిల్‌లో ఒక పెళ్లికొడుకు తండ్రి షరతులన్నీ విని "మావాడిక్కూడా ఇవే రూల్సు పెట్టండి, షేర్వాణీలో ఉడికిపోతున్నాడు" అన్నాడు. సగం దారిలో ఆపి పెళ్లికొడుకును దిగమంటే డీజేవాడు మొహం మాడ్చుకున్నాడు. పెళ్లికూతురి తమ్ముడు, పదేళ్లుంటాయేమో, మగ్గు తీసుకుని తను పోస్తానన్నాడు. మెడ మీద పోస్తే మోతీ కళ్లు మూసుకుని నిలబడింది, డొక్కల మీద పోస్తే కదల్లేదు. క్యాను ఖాళీ అయ్యాక ఒక్కసారి ఒళ్లంతా విదిలించింది. షేర్వాణీ, డీజే బాక్సు, వీడియోవాడి కెమెరా, అన్నీ తడిశాయి. పిల్లాడు ఇంకో క్యాను మూత తీస్తున్నాడు.